ఇంట్లో ఫోన్ ఉంటే పసిబిడ్డ బతికే అవకాశం నిజంగా పెరుగుతుందా?

ప్రశ్న | అంకెల_అమ్మాయి

అందరికీ నమస్కారం. ప్రజారోగ్యంలో పీజీ రెండో ఏడాది చదువుతున్నాను. వర్ధమాన దేశాల్లో మొబైల్ ఫోన్ అందుబాటుకీ ఏడాదిలోపు పిల్లల ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద ప్రాజెక్టు చేస్తున్నాను. ఆఫ్రికాలోని కొన్ని దేశాల డీహెచ్‌ఎస్ (ఇంటింటికీ వెళ్లి చేసే జనాభా, ఆరోగ్య సర్వే) డేటా తీసుకున్నాను. ఇంట్లో మొబైల్ ఉందా లేదా అని ఒక కాలమ్ ఉంటుంది, దాన్ని పిల్లల మరణాలతో కలిపి చూశాను.

ఫోన్ ఉన్న ఇళ్లలో మరణాలు తక్కువగా కనిపిస్తున్నాయి. తల్లి చదువు, ఇంటి ఆర్థిక స్థాయి, పల్లె–పట్నం తేడా, ఎన్నో కాన్పు అన్నవి మోడల్‌లో చేర్చేకొద్దీ ఆ తేడా తగ్గుతోంది కానీ పూర్తిగా పోవడం లేదు. మా గైడు గారికి ఇది నచ్చింది, రాసేయమంటున్నారు. నాకే చెయ్యి ఆడటం లేదు.

ఎందుకో కూడా చెబుతాను. మా అక్కకు పుట్టిన మొదటి బిడ్డ మూడో రోజునే పోయింది. అప్పుడు ఆ ఇంట్లో రెండు ఫోన్లున్నాయి. రెండింట్లోనూ బ్యాలెన్స్ ఉంది, సిగ్నల్ ఉంది. బిడ్డ మత్తుగా పడుకుంటే నిద్రపోతోందనే అనుకున్నారు. అనుమానం వచ్చాక కూడా ఎవరికి ఫోన్ చెయ్యాలో ఎవరికీ తోచలేదట. నా డేటాలో అలాంటి ఇల్లు వస్తే ఫోన్ కాలమ్‌లో 1 అనే పడుతుంది. ఆ 1ని చూస్తూ "ఫోన్ ఉండటం రక్షణనిస్తుంది" అని రాయడానికి మనసొప్పడం లేదు.

నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఇది. ఫోనే బిడ్డను కాపాడుతోందా, లేక డబ్బూ చదువూ ఉన్న ఇళ్లలో ఎలాగూ ఫోన్ ఉంటుంది కాబట్టి అలా కనిపిస్తోందా? కాపాడితే ఏ దారిన, ఏ గంటలో? వార్డుల్లో, ఫీల్డులో పనిచేసినవాళ్లు చెబితే బాగుంటుంది. లెక్కల్లో నా తప్పులున్నా మొహమాటపడకండి.


జవాబు | రాత్రి_డ్యూటీ

చెల్లీ, ముందు మీ అక్క సంగతి. నవజాత శిశువుల వార్డులో 14 ఏళ్లు నర్సుగా చేశాను. ఏడ్చే బిడ్డను చూసి ఇల్లంతా పరిగెడుతుంది. నిజంగా ప్రమాదంలో ఉన్న పసిగుడ్డు మాత్రం ఏడవదు, ఓపిక ఉండదు. రొమ్ము నోట్లో పెడితే పట్టదు, కదిపితే కొంచెం కదిలి మళ్లీ మత్తులోకి జారుకుంటుంది. బాగా నిద్రపోతోందని ఎవరైనా అనుకుంటారు. మొదటిసారి బిడ్డను ఎత్తుకున్న తల్లికి ఆ తేడా ఎవరూ చూపించకపోతే ఎలా తెలుస్తుంది? అందులో ఆమె తప్పేమీ లేదు. వీలైతే ఈ మాట ఆమెకు చెప్పండి.

ఇక ఫోన్ విషయం. మా వార్డుకి ఒక మొబైల్ ఇచ్చారు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కార్డు మీద ఆ నంబరు పెద్ద అంకెల్లో చేత్తో రాసేవాళ్లం. వచ్చిన ప్రతి కాల్‌కీ ఒక నోటు పుస్తకం పెట్టాను. టైము, బిడ్డ వయసు, వాళ్లేమన్నారు, నేనేం చెప్పాను, ఆ తర్వాత ఏమైంది, అంతే. అది ఎవరో అడిగితే పెట్టింది కాదు. ఫోన్ పెట్టేశాక ఆ బిడ్డ ఏమైందో తెలియక నిద్ర పట్టేది కాదు, అందుకని మొదలుపెట్టాను.

మొదట్లో కాల్స్ దాదాపు అన్నీ మగవాళ్లవే. "బిడ్డ పాలు తాగుతోందా?" అంటే "ఉండండి, అడిగి చెబుతా" అనేవారు. ఫోన్ ఒకరి దగ్గరుంటే బిడ్డ ఇంకొకరి ఒళ్లో. నా ప్రశ్న ఒక గది దాటి వెళ్లేది, జవాబు ఒక గది దాటి వచ్చేది. వచ్చేసరికి "తాగుతోందంట" అయ్యేది. అప్పట్నుంచి ఎవరు చేసినా నా మొదటి మాట ఒకటే, "ఫోన్ అమ్మకివ్వండి" అని. అదే ప్రశ్న తల్లిని అడిగితే "నిన్న రాత్రి పట్టినట్టు పట్టడం లేదమ్మా, నోట్లో పెడితే వదిలేస్తోంది" అనేది. ఆ ఇల్లు అదే, ఆ ఫోన్ అదే. వినాల్సిన సంగతి మాత్రం తల్లి చేతికి ఫోన్ వెళ్లాకే నాకు వినిపించింది.

ఒక రాత్రి చెబుతాను. తల్లే చేసింది. 5 రోజుల బిడ్డ, సాయంత్రం నుంచి రొమ్ము పట్టడం లేదు. కాళ్లు ముట్టుకోమన్నాను, చల్లగా ఉన్నాయంది. ఊపిరి లెక్కపెట్టాలి, ఆమె దగ్గర గడియారం లేదు. "గోడ గడియారం నేను చూస్తాను, పొట్ట లేచినప్పుడల్లా నువ్వు పైకి లెక్కపెట్టు" అన్నాను. ఒకటి, రెండు, మూడు... ఆ గొంతు వణకడం ఇప్పటికీ గుర్తుంది. నిమిషం అయ్యేసరికి 72. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఆ పైన ఉంటే ఎక్కువే. బట్టలు తీసి బిడ్డను గుండెకి ఆనించుకో, పైన కప్పుకో, అలాగే బయల్దేరు, తెల్లారేదాకా ఆగొద్దు అని చెప్పాను. తెల్లారకముందే వచ్చారు. రక్తంలో ఇన్ఫెక్షన్. యాంటీబయాటిక్స్ పడ్డాయి, బిడ్డ బతికింది.

అదే పుస్తకంలో మూడు పేజీల తర్వాత ఇంకో కాల్ ఉంది. దాదాపు అవే లక్షణాలు, నేను చెప్పిందీ అదే, వాళ్లూ వెంటనే వచ్చారు. ఆ రాత్రి మా దగ్గర బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ ఒక్కటీ ఖాళీ లేదు, ఆక్సిజన్ పెట్టడానికి చోటు లేదు. ఇంకో ఆసుపత్రికి రాసి పంపాం. దారిలోనే పోయింది. ఈ రెండు కాల్స్ నీ డేటాలోకి వస్తే రెండూ ఫోన్ ఉన్న ఇళ్లే. ఇద్దరు తల్లులూ సమయానికే చేశారు. తేడా ఫోన్‌కి ఇవతలి వైపు ఉంది, అంటే మా వైపు.

కాన్పుల మరణాల గురించి థాడియస్, మెయిన్ అనే ఇద్దరు 1994లో మూడు ఆలస్యాలని రాశారు. వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. వాళ్లు రాసింది తల్లుల గురించే అయినా పసిపిల్లలకూ అచ్చంగా సరిపోతుంది. మొదటిదాన్ని ఫోన్ బాగా తగ్గించగలదు, రెండోదాన్ని కొంత. మూడోదాని దగ్గర దాని పని చాలా తక్కువ.

ఇంకొకటి, నువ్వు మరణాలన్నీ ఒకే మూటలో కట్టావేమో చూడు. 2022లో ప్రపంచంలో సుమారు 23 లక్షల మంది పిల్లలు పుట్టిన నెలలోపే పోయారు. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ఇన్ఫెక్షన్లు, వీటి వాటాయే ఎక్కువ. పుట్టగానే ఏడవని బిడ్డకు నిమిషాల్లో గాలి అందించే చెయ్యి పక్కనే ఉండాలి, అప్పుడు ఫోన్ తీసే వ్యవధే ఉండదు. అక్కడ ఫోన్ సాయం చేస్తే వారాల ముందే చేసి ఉండాలి, తల్లిని నర్సు ఉన్నచోట కాన్పుకు చేర్చి. ఇన్ఫెక్షన్, ఒళ్లు చల్లబడటం, పాలు పట్టకపోవడం ఇవి మెల్లగా, గంటల మీద ముదురుతాయి. ఫోన్‌కి దొరికేది ఆ గంటలే. నెల దాటాక విరేచనాలు, న్యుమోనియా, తప్పిన టీకాలు వస్తాయి, వాటి సంగతి మళ్లీ వేరు. కాబట్టి మొదటి రోజు, తర్వాత నెలలోపు, ఆ తర్వాత ఏడాదిలోపు అని విడదీసి చూడు.


జవాబు | గుణకం

అక్కగారు చెప్పింది చదివాక లెక్కల మాట చప్పగా ఉంటుంది, అయినా అడిగారు కాబట్టి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఆర్థిక స్థాయి. డీహెచ్‌ఎస్ వాళ్లిచ్చే సంపద సూచికను అలాగే తీసుకుని ఉంటే, దాన్ని కట్టిన వస్తువుల్లో మొబైల్ ఫోన్ కూడా ఒకటి. ఫోన్ ఒకసారి కాలమ్‌గా, ఇంకోసారి సూచిక కడుపులో దాక్కుని మోడల్‌లోకి వచ్చిందన్నమాట. ఫోన్ తీసేసి మిగతా వస్తువులతో సూచికను మీరే మళ్లీ కట్టండి.

రెండోది కాలం. ఫోన్ ఉందా అని అడిగింది సర్వే రోజున. బిడ్డ పుట్టింది, పోయింది ఎప్పుడో నాలుగేళ్ల క్రితం కావచ్చు. ఫోన్లు శరవేగంగా పెరిగిన దేశాల్లో ఈ తేడా చిన్నదేం కాదు, ఆ బిడ్డ పోయేనాటికి ఆ ఇంట్లో ఫోనే లేకపోవచ్చు. సర్వేకి ముందు 12 నెలల్లో పుట్టిన పిల్లలతో మాత్రమే ఒకసారి చేసి చూడండి. సంఖ్య పడిపోతుంది, అందుకే ఎక్కువ దేశాలు కలపాలి.

మీరు వాడింది ఇంటి ప్రశ్న, డేటాలో దాని కోడ్ హెచ్‌వీ243ఏ. ఏడో విడత ప్రశ్నావళి నుంచి స్త్రీలను విడిగా "మీకు సొంత మొబైల్ ఉందా" అని అడుగుతున్నారు, అది వీ169ఏ. రెండూ పక్కపక్కన పెట్టండి. ఫోన్ అమ్మకివ్వండి అని అక్కగారన్న మాటను డేటాలో పరీక్షించగల దారి నాకు తెలిసి ఇదొక్కటే.

టవర్ల విస్తరణతో జోడించే ఆలోచన ఉంటే ఒక జాగ్రత్త. గోప్యత కోసం ఊళ్ల జీపీఎస్ స్థానాలను కావాలనే జరుపుతారు, పట్నాల్లో 2 కిలోమీటర్ల వరకు, పల్లెల్లో 5 వరకు, పల్లెల్లో ఒక శాతం మాత్రం 10 వరకు. టవర్ అంచున ఉన్న ఊళ్లు తారుమారు అవుతాయి. పిడుగులు ఎక్కువ పడే చోట టవర్ల పరికరాలు దెబ్బతిని ఫోన్ల వ్యాప్తి నెమ్మదిస్తుంది, దాన్నే ఆధారంగా చేసుకుని ఆఫ్రికా మీద ఆర్థికవేత్తలు పనిచేశారు. తెలివైన పద్ధతే. కానీ వాళ్లు చూసింది రాజకీయ ఉద్యమాలను. మీకు పిల్లల మరణాలు కావాలి. పిడుగులున్న చోట వాన ఉంటుంది, వానతో మలేరియా, పంటలు, రోడ్లు మారతాయి. మీ ప్రశ్నకు నేనైతే వాడను.


జవాబు | ఫీల్డు_సంచి

గర్భిణులకు, బాలింతలకు వాయిస్ సందేశాలు పంపే ఒక కార్యక్రమంలో ఆరేళ్లు పనిచేశాను, పేరు వద్దు. మా దగ్గర జరిగిన తప్పు ముందు చెబుతాను. పొద్దున 10 గంటలకు కాల్ వెళ్లేలా పెట్టాం. మా స్క్రీన్ మీద "అందింది, పూర్తిగా విన్నారు" అని పచ్చగా కనిపించేది, మేం సంతోషించేవాళ్లం. ఇళ్లకు వెళ్లి అడిగితే ఆ టైముకి ఫోన్ భర్తతోపాటు పనిలో ఉంది. రొమ్ముపాలు ఎలా పట్టాలో మేం ఎనిమిది నెలలు మగవాళ్లకు చెప్పాం. టైము తల్లే ఎంచుకునేలా మార్చాక వాళ్ల నుంచి తిరిగి ప్రశ్నలు రావడం మొదలైంది. నంబర్లు మారిపోవడం ఇంకో బాధ. బిడ్డ పుట్టేనాటికి సిమ్ మారిపోయి ఎవరికో పరాయివాళ్లకు మా కాల్స్ వెళ్లేవి. ఆ బిడ్డ పోయి ఉంటే, ఆ ఇంటికి వారం వారం "మీ పాపకు ఇప్పుడు ఆరు వారాలు" అని వెళ్లేది. దాన్ని ఆపడానికి ఒక మీట ఉండాలని మాకు తట్టడానికి ఏడాది పట్టింది. ఇలాంటి కార్యక్రమం ఎవరు మొదలుపెట్టినా మొదట ఆ మీట పెట్టండి, దయచేసి.

ఇక పరీక్షించి చూసినవాటి సంగతి. టాంజానియాలోని జాంజిబార్‌లో "వైర్డ్ మదర్స్" అని చేశారు. 24 ఆరోగ్య కేంద్రాలు, 2,550 మంది గర్భిణులు. సందేశాలతోపాటు నర్సుకు ఫోన్ చేసుకోవడానికి వోచర్ కూడా ఇచ్చారు. నిపుణుల చేతిలో కాన్పులు 60 శాతం అయ్యాయి, మిగతా కేంద్రాల్లో 47. పుట్టుకకు కాస్త అటూ ఇటూ జరిగే మరణాలు వెయ్యికి 19, మిగతా చోట 36. కానీ కాన్పుల్లో వచ్చిన ఆ పెరుగుదల పట్నం స్త్రీలలోనే కనిపించింది, పల్లెల్లో కనిపించలేదు. ఆ వోచర్‌ను చిన్నచూపు చూడకండి. సందేశం ఇటు నుంచి అటు వెళ్తుంది, వోచర్ ఉంటే తల్లి తన ప్రశ్న అడగగలదు.

పశ్చిమ కెన్యాలో 152 ఊళ్లలో టీకాల గురించి ఎస్‌ఎంఎస్ గుర్తుచేశారు. ఏడాది నిండేసరికి పూర్తి టీకాలు పడినవాళ్లు ఏ సాయమూ లేని ఊళ్లలో 82 శాతం. ఎస్‌ఎంఎస్ మాత్రమే పంపితే 86. ఎస్‌ఎంఎస్‌తో 75 షిల్లింగులిస్తే అదే 86. 200 షిల్లింగులిస్తే 90. గట్టిగా నిలబడిన తేడా ఆ చివరిదే. ఎప్పుడు వెళ్లాలో తెలియక కాదు, వెళ్లే వీలు లేక ఆగినవాళ్లు కొందరున్నారని నాకు అర్థమైంది. ఆ డబ్బు చేరింది కూడా ఫోన్ ద్వారానే.

మధ్యప్రదేశ్‌లో కిల్కారీ అనే వాయిస్ సందేశాల కార్యక్రమం మీద 5,095 మందితో చేశారు. గర్భం నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది వచ్చేదాకా వారానికో కాల్, మొత్తం 72. కుటుంబ నియంత్రణ పద్ధతుల వాడకం కొంత పెరిగింది, పిల్లల పోషణలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. రువాండాలో ఊరి ఆరోగ్య కార్యకర్తలు గర్భాలు, ప్రమాద సూచనలు ఎస్‌ఎంఎస్ ద్వారా పంపే ర్యాపిడ్ ఎస్‌ఎంఎస్ పెట్టారు. అది ఒక్కటే ఉన్నచోట ఆసుపత్రి సేవల వాడకం పెరగలేదు. దానితోపాటు శిక్షణ, పర్యవేక్షణ, పరికరాలు ఇచ్చిన జిల్లాల్లో పెరిగింది. రాత్రి డ్యూటీ గారి రెండో కాల్‌ని తలుచుకుంటే ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

నాకు బాగా నచ్చినవి రెండున్నాయి. దక్షిణాఫ్రికాలో 2014లో మొదలైన మామ్‌కనెక్ట్. క్లినిక్‌లోనే నర్సు యూఎస్‌ఎస్‌డీ ద్వారా, అంటే ఇంటర్నెట్ లేకుండా ఫోన్‌లో కోడ్ నొక్కి, పేరు చేర్చేది, మామూలు ఫోనైనా చాలు. 11 అధికార భాషల్లో సందేశాలు, తిరిగి ప్రశ్న అడగడానికి హెల్ప్‌డెస్క్, క్లినిక్ మీద ఫిర్యాదు చేసే దారి కూడా ఉంది. రెండోది టాంజానియాలోని ఎం-మామా. ఉచిత నంబరుకు కాల్ వస్తే డిస్పాచ్ కేంద్రంలో ప్రశ్నలు అడిగి ప్రమాదం తూస్తారు. అంబులెన్స్ దగ్గర్లో లేకపోతే ముందే శిక్షణ ఇచ్చిన టాక్సీ డ్రైవర్‌ను పంపుతారు. అతని డబ్బు ఎం-పెసాలో, అంటే ఫోన్ ద్వారా నడిచే ఖాతాలో, పడుతుంది, తల్లి జేబు తడుముకోనక్కర్లేదు. ఇక్కడ ఫోన్ మొదటి రెండు ఆలస్యాలనూ పట్టుకుంది, ఎందుకంటే అవతల కారు ఉంది.


జవాబు | అంకెల_అమ్మాయి

అందరికీ ధన్యవాదాలు. గుణకం గారు చెప్పినట్టు సంపద సూచికను ఫోన్ లేకుండా కట్టి, చివరి 12 నెలల పుట్టుకలతో మళ్లీ చేశాను. ఇంటి ఫోన్ ప్రభావం చాలావరకు కరిగిపోయింది. తల్లి సొంత ఫోన్ పెట్టి, నెలలోపు మరణాల్లో మొదటి రోజు తీసేసి చూస్తే తేడా కాస్త నిలుస్తోంది, కానీ మరణాల సంఖ్య చాలా తక్కువ కాబట్టి దాని మీద ఏమీ కట్టలేను. గైడు గారికి ఉన్నదున్నట్టు చూపించాను. శీర్షిక మార్చుకోమన్నారు.

డేటా చెప్పలేనిది అడగడానికి పాతికమంది తల్లులతో మాట్లాడాలనుకుంటున్నాను, అనుమతులకు దరఖాస్తు పెట్టాను. బిడ్డకు ఒంట్లో బాగోలేదని మొదట ఎవరికి అనిపించింది, ఆ గంటలో ఫోన్ ఎవరి దగ్గరుంది, ఎవరి నంబరు తెలుసు, అవతల ఎవరు ఎత్తారు, వెళ్తే అక్కడ ఏముంది. ప్రశ్నలు ఇవే అనుకుంటున్నాను.

ముందు మా అక్కనే అడుగుదామనుకుంటున్నాను, నా ప్రాజెక్టు కోసం కాదు. ఆ మూడో రోజు గంటగంటకీ ఏం జరిగిందో మా ఇంట్లో ఇన్నేళ్లలో ఆమెను ఎవరూ అడగలేదు.


జవాబు | రాత్రి_డ్యూటీ

అడుగు చెల్లీ. కానీ "ఎందుకు ఫోన్ చెయ్యలేదు" అన్న ప్రశ్న మాత్రం నీ నోటి వెంట రానివ్వకు, ఆ పాతికమంది దగ్గరైనా, మీ అక్క దగ్గరైనా. "ఆ రోజు పొద్దున బిడ్డ ఎలా ఉంది?" అని మొదలుపెట్టి ఊరుకో. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో అడ్డురాకు, రాసుకోకు. బిడ్డ ఎవరి పోలికో ఆమె చెప్పాలనుకుంటే అది కూడా విను.